చేప ముట్టిన మిషన్

శైలజ మేడమ్ ల్యాబులో చేపల వాసన వస్తుందని కాలేజీ అంతటికీ తెలుసు. ఆమెకూ తెలుసు. తెలిసి కూడా ఆమె తలుపులు బార్లా తెరిచి పెట్టుకోవడమే అందరి కడుపుమంట.

మేడ్చల్ దాటి గౌడవెల్లి వైపు పోయే దారిలో ఉంటుంది ఆ ఇంజనీరింగ్ కాలేజీ. పిట్ల శైలజ అందులో మెటీరియల్స్ పాఠాలు చెప్పడానికి చేరిన రోజుల్లో గేటు పక్కన మొక్కజొన్న చేలుండేవి. ఇప్పుడక్కడ హాస్టళ్లూ బిర్యానీ సెంటర్లూ లేచాయి. ఇనుము ఎందుకు వంగుతుంది, గాజు ఎందుకు వంగకుండా పగిలిపోతుంది అన్నది ఆమె శాస్త్రం. ఈ కాలంలో ఆ శాస్త్రం ఎవరికి కావాలి? కన్నవాళ్లందరికీ కంప్యూటరే కావాలి. కంప్యూటర్ సీటు దొరకని పిల్లలు ఏడుపు మొహాలు వేసుకుని ఆమె క్లాసుకొచ్చేవాళ్లు. ఆమె మొదటి రోజే వాళ్ల చేతికి ఒక సుద్దముక్కా ఒక ప్లాస్టిక్ స్కేలూ ఇచ్చి విరవమనేది. విరిగిన చోటు చూసి అది ఎలా చచ్చిందో చెప్పమనేది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లల్లో సగంమంది రోడ్డు మీద తెగిపడ్డ సైకిల్ చైను కనబడినా ఆగి, వంగి, చేతిలోకి తీసుకుని చూసే రకంగా తయారయ్యేవాళ్లు. అదొక పిచ్చి, అంటుకుంటే వదలదు.

ఆమె పుట్టింది శామీర్‌పేటలో, చెరువు మీద బతికే ఇంట్లో. నాయిన గౌరయ్య వల వేసేవాడు. అమ్మ ముత్తమ్మ గంప ఎత్తుకుని మేడ్చల్ దాకా వచ్చి చేపలమ్మేది. గౌరయ్య పోయాడు. ముత్తమ్మ ఇప్పటికీ అమ్ముతూనే ఉంది, కాలేజీ మేడమ్ తల్లివి నీకెందుకీ బాధ అని ఎవరైనా అంటే కసురుకుంటుంది. శైలజ చిన్నప్పుడు బడికి పోయే ముందు ముత్తమ్మ ఆ పిల్లను బండ మీద కూర్చోబెట్టి, నిమ్మతొక్కతో చేతులూ మెడా చెవుల వెనకా తోమేది. చర్మం ఎర్రబడే దాకా తోమేది. అంత తోమినా బెంచీ మీద పక్క పిల్ల జరిగే కూర్చునేది.

"మంచిగ సదువు బిడ్డా. సదువుకుంటే గీ నీసు వాసన ఇగ నీ జోలికి రాదు" అనేది ముత్తమ్మ. ఆమె లెక్కలో చదువంటే పెద్ద సబ్బు.

శైలజ చదివింది. లోహాల ఇంజనీరింగులో, క్లాసు మొత్తానికి ఒక్కతే ఆడపిల్లగా చదివింది. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం అడగడానికి దూలపల్లిలో ఒక పోత కార్ఖానాకు పోతే, సూపర్‌వైజరు కొలిమి గది గడప దగ్గరే ఆపేశాడు.

"ఆడమనిషి లోపటికొస్తే పోత పలుగుతదమ్మా" అన్నాడు.

"పోత పలిగేది ఇసుక సక్కగ ఆరకపోతే. నన్ను జూసి కాదు" అంది ఈ పిల్ల.

ఉద్యోగం రాలేదు. ఆ జవాబు ఇచ్చినందుకు ఆమె ఏనాడూ చింతించలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని చుట్టాలు మూతులు తిప్పుకుంటుంటే పై చదువులకు పోయింది, ఉక్కు మీద డాక్టరేటు చేసింది, ఈ కాలేజీలో చేరింది. బ్యాంకులో పనిచేసే మహేందర్‌ను పెళ్లి చేసుకుని పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కట్టుకుంది. మహేందర్‌కు చేపల పులుసంటే ప్రాణం. భార్య చేపల పరిశోధనంటే మాత్రం గుండెదడ.

ఆ పరిశోధన ఒక ఆదివారం మొదలైంది. అమ్మకు సాయంగా కూర్చుని ఒక పెద్ద బొచ్చె చేపకు పొలుసు తీస్తుంటే కత్తి మొన పొలుసు మీద పడి పక్కకు జారింది. జారి శైలజ బొటనవేలు కోసింది. పొలుసు మీద మాత్రం గీత తప్ప ఏమీ లేదు. వేలు నోట్లో పెట్టుకుని ఆమె ఆ పొలుసునే చూస్తూ కూర్చుండిపోయింది. పుట్టిన్నాటి నుంచి చేతుల్లో నలిగిన వస్తువును ఆ రోజే మొదటిసారి చూసింది. మర్నాడు గుప్పెడు పొలుసులు టిఫిన్ డబ్బాలో వేసుకుని పోయి మైక్రోస్కోపు కింద పెట్టింది. పైన ఎముకలాంటి గట్టి పొర. దాని కింద సన్నటి దారాల పొరలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం, నులకమంచం అల్లినట్టు. పై పొర మొనను ఆపుతుంది. కింది పొరలు ఆ దెబ్బను తలా కొంచెం పంచుకుని వంగుతాయి. ఆ రోజు ఆమె అన్నం తినడం మర్చిపోయింది.

దూలపల్లి షెడ్లలో ఇనుప రేకులు కత్తిరించే పనివాళ్ల అరచేతులు ఆమె చూసింది. గౌడవెల్లి నుంచి బైకుల మీద వచ్చే కుర్రవాళ్లు, పెళ్లి కాకముందే చేతిగీతలన్నీ కోతల కింద మాయమైనవాళ్లు. తోలు గ్లవ్స్ ఇస్తే నాలుగు రోజులకే చిరుగుతాయి. మందపాటివి ఇస్తే వేళ్లు వంగక పక్కన పడేస్తారు. తెగకూడదు, వంగాలి. చేపకు ఆ విద్య ఎప్పుడో వచ్చు కదా అనుకుంది శైలజ. గట్టి బిళ్లలను ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పేర్చి, కింద అల్లిక పొరలు అతికించి, చేతికి తొడుక్కునేంత మెత్తటి రేకు తయారు చేయడానికి ఏళ్లకేళ్లు పట్టింది. పిల్లలు దానికి పొలుసు రేకు అని పేరు పెట్టారు.

లొల్లి ముందు ఇంట్లోనే లేచింది.

"నిన్ను గీ నీసుల నుంచి బయటెయ్యనీకి నా నడుములు ఇరిగినయి" అంది ముత్తమ్మ. "గంత సదువు సదివి మల్ల చేప కాడికే అస్తివా? కాలేజోళ్లు ఏమనుకుంటరే?"

"ఏమన్న అనుకోని. నాకేందమ్మా?"

"నీకేం ఎరుక బిడ్డా. బెంచి మీదికెళ్లి జరిగింది వాళ్లు. ఇంట్ల కూసోని ఏడ్సింది నేను."

శైలజ పని మాత్రం ఆపలేదు.

కాలేజీలో లొల్లి ఇంత సూటిగా లేదు. అక్కడంతా మర్యాదే. డిపార్ట్‌మెంట్ హెడ్ జనార్ధన్ మనిషి చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే తిట్టేసి ఊరుకోవచ్చు. ఇంట్లోకి వెల్లుల్లి కూడా రానివ్వని నిష్ఠ ఆయనది. శైలజ ల్యాబ్ ఫ్రిజ్‌లో చేపలు పెట్టిన రోజు నుంచి ఆ గదిలో మంచినీళ్లు తాగడం మానేశాడు. పరీక్షలు చేసే పెద్ద మిషన్ మీద పొలుసు పెట్టిన రోజు నుంచి ఆ మిషన్‌ను వేలితో ముట్టలేదు. పిల్లలకు దాని గురించి చెప్పాల్సి వస్తే దూరంగా నిలబడి చూపుడుకర్రతో చూపించేవాడు. ప్రిన్సిపాల్ శ్రీనివాసరావు గోడ మీద పిల్లి. ఎదురుపడితే "మీ పని అద్భుతం మేడమ్" అనేవాడు, జనార్ధన్ ఎదురుపడితే "మీ ఇబ్బంది నాకు తెలుసండీ" అనేవాడు.

శైలజకు ప్రొఫెసర్ పదవి అప్పటికే రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఆమె తర్వాత చేరినవాళ్లు, ఆమె దగ్గర సందేహాలు అడిగి తీర్చుకున్నవాళ్లు ఆ పేరు తగిలించుకుని తిరుగుతున్నారు. మూడోసారి కమిటీ దసరా సెలవుల తర్వాత వస్తుందనగా శ్రీనివాసరావు ఆమెను తన గదికి పిలిచి, ఫ్యాను వేగం పెంచి, మెల్లగా చెప్పాడు.

"ఉక్కు మీద చేయండి, సిమెంటు మీద చేయండి. ఎవరు కాదన్నారు? ఆ చేపలొక్కటి వదిలేస్తానని నాకు మాటివ్వండి మేడమ్. ఈసారి ప్రొఫెసర్ మీరే."

"వదలకపోతే సార్?"

"మీరు చాలా తెలివైనవారు. నాతో ఎందుకు చెప్పించుకుంటారు?"

చేపను వదిలితే ప్రొఫెసర్. పట్టుకుంటే రిటైరయ్యే దాకా ఉన్నచోటే. బేరం అంత విప్పి చెప్పాక ఇంక అర్థం కాకపోవడానికేముంది? శైలజకు ఒళ్లు మండిపోయింది. ఆ పదవి తనకు అక్కర్లేదని అనుకునేంత సన్యాసి కాదామె. కావాలి. గది తలుపు మీద ఆ పేరు చూసుకోవాలని ఉంది. అడుక్కుని మాత్రం చూసుకోదు.

"కమిటీ ముందర పొలుసు రేకే పరీక్ష చేసి చూపిస్తాను సార్" అని చెప్పి లేచి వచ్చింది.

పండుగ ముందు చివరి పనిదినాన కాలేజీలో ఆయుధపూజ. ఏటా ఉన్నదే. లేతు మిషన్ల నుంచి కంప్యూటర్ల దాకా అన్నిటికీ బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, గుమ్మడికాయ కొడతారు. శైలజకు పూజలంటే గిట్టదని ఎవరూ అనుకోనక్కర్లేదు. వాళ్లింట్లో దసరాకు వలకూ కత్తిపీటకూ పసుపు కుంకుమలు పెట్టకుండా ఎవరూ ముద్ద ముట్టరు. ఆ రోజు ఆమెకు యూనివర్సిటీలో పేపర్లు దిద్దే డ్యూటీ పడి పూజకు రాలేకపోయింది. పూజ చేసిన ఆయుధాలను పండుగ వెళ్లేదాకా ముట్టకూడదు గనక, ల్యాబుకు తాళం వేసి తాళంచెవి జనార్ధన్ తన దగ్గర పెట్టుకున్నాడు. ముందుగా ఒకసారి మిషన్ నడిపి చూసుకుంటానని ఆమె ఫోన్ చేస్తే, "శాస్త్రం ఒప్పుకోదు మేడమ్" అన్నాడు. ఏ శాస్త్రం సార్ అని అడగబోయి, పండుగపూట ఎందుకులే అని ఊరుకుంది. ఆ ఒక్కసారి ఊరుకోవడమే ఆమె చేసిన తప్పు.

సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజే కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు. వాళ్లలో పెద్దావిడ పార్వతీదేవి, జీవితమంతా లోహాల పరిశోధనలో గడిపి రిటైరైన మనిషి. నవ్వదు, కాఫీ తాగదు, అడిగిన ప్రశ్న రెండోసారి అడగదు. ల్యాబంతా కర్పూరం వాసన. మిషన్ స్తంభాల మీద పసుపు, మెడలో వాడిన బంతిదండ. శైలజ దండ తీసి పక్కన పెట్టి పనిలోకి దిగింది.

మిషన్ అంటే పెద్ద మాయేమీ లేదు. రెండు స్తంభాల మధ్య పైకీ కిందికీ కదిలే ఒక అడ్డదూలం. దానికి బిగించిన ఉక్కు ములుకు కిందికి దిగి రేకును పొడుస్తుంది. ఎంత బలంతో పొడిచిందో ములుకు పైనున్న చిన్న పెట్టె పసిగట్టి తెర మీద అంకె వేస్తుంది. లోడ్ సెల్ అనే ఆ పెట్టే మిషన్‌కు గుండెకాయ. శైలజ పొలుసు రేకును బిగించి, అంకెను సున్నాకు తెచ్చి, మీట నొక్కింది. ములుకు దిగింది. అంకె పెరిగింది. ఆమె ఎరిగిన చోటును దాటింది, ఇంకా పెరిగింది. రేకు చిట్లే సమయానికి తెర మీదున్న అంకె ఆమె ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనిది, ఎప్పుడూ వచ్చేదానికి ఇంచుమించు రెట్టింపు.

కమిటీలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. శ్రీనివాసరావు మొహం చాటంతయింది. "మన కాలేజీ పేరు నిలబెట్టారు మేడమ్" అన్నాడు.

శైలజకు మొదట సంతోషమే కలిగింది, దాచడమెందుకు? నవ్విన నాపచేనే పండిందనుకుంది. ఆ తర్వాత ములుకును పైకి లేపింది. ములుకు గాలిలో ఉంది, దేన్నీ తాకడం లేదు. తెర మీద అంకె సున్నాకు రావాలి. రాలేదు. పైపెచ్చు నెమ్మదిగా, తనంతట తాను, పైకి పాకుతోంది.

అందరూ ఆమె మొహం వైపే చూస్తున్నారు. తెర వైపు చూస్తున్నది ఆమె ఒక్కతే. ఒక్క స్విచ్ ఆపేస్తే చాలు, ఆ అంకె అలాగే మిగిలిపోతుంది. ప్రొఫెసర్ శైలజ. అడుక్కోలేదు కూడా, మిషనే ఇచ్చింది. ఆమె వేలు స్విచ్ దాకా పోయింది. అయితే ఆ అంకెను నమ్మి రేపు ఎవడో ఒక కుర్రవాడు గ్లవ్ తొడుక్కుని ఇనుప రేకు అంచు పట్టుకుంటాడు. తెగేది వాడి చెయ్యి.

"ఈ అంకె అబద్ధం" అంది శైలజ. "మిషన్ చెడిపోయింది. నా రేకుకు ఇంత ఆపే శక్తి లేదు."

పార్వతీదేవి లేచి వచ్చి తెర చూసి, "ఎందుకు చెడింది?" అంది.

శ్రీనివాసరావు చప్పున శైలజ పక్కకు చేరాడు. చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "తేమ అనండి. వానలు కదా. ఇంకో మాటొద్దు. మీ నిజాయితీ వాళ్లకు నచ్చింది, సాయంత్రానికి మీ పని అయిపోతుంది."

"అవునండీ, ఈసారి వానలు మరీ ఎక్కువ" అన్నాడు జనార్ధన్ కిటికీలోంచి ఆకాశం చూస్తూ. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది.

శైలజ ల్యాబ్ అసిస్టెంట్ పరమేష్ వైపు చూసింది. ఆమె చేరిన కొత్తలోనే చేరి, అదే గదిలో జుట్టు నెరిసిన మనిషి. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఆమె స్క్రూడ్రైవర్ తీసుకుని లోడ్ సెల్ పైమూత విప్పింది. లోపల పచ్చగా ఎండిపోయిన చారలు. పెట్టెను ఊడదీసి తెల్లకాగితం మీద వంచి తట్టింది. నాలుగు అక్షింతలు రాలాయి.

"ఏంది పరమేష్ ఇది?"

"మేడమ్..." అని అతను నీళ్లు నమిలాడు. హెడ్ వైపు చూశాడు, ప్రిన్సిపాల్ వైపు చూశాడు. చివరికి పసుపు బియ్యం వైపు చూస్తూ చెప్పేశాడు. "అన్ని ల్యాబులల్ల పూజ జేసిన్రు మేడమ్. మన ల్యాబుల శుద్ధి జేసిన్రు. పంతులును పిలిచి పుణ్యాహవాచనం జేయించిన్రు. చేప ముట్టిన మిషిన్ అని దీని మీద్నే మస్తు నీళ్లు జల్లిన్రు. బిందె వట్టింది నేనే. నన్ను మాఫ్ జెయ్యిండ్రి."

తిలా పాపం తలా పిడికెడు. జనార్ధన్ మొహం ఎర్రబడింది. "ఎవరినీ అవమానించాలని కాదండీ, పదిమంది తిరిగే చోటు, ఒక పద్ధతి..." అని సణిగాడు.

శ్రీనివాసరావు ఇంకా కళ్లతో బతిమాలుతూనే ఉన్నాడు. తేమ అనమని. ఒక్క మాట.

"తేమనే సార్" అంది శైలజ. కమిటీ ముందు అంతసేపూ పుస్తకాల భాష పలికిన ఆమె నోట ఇంటి మాట వచ్చేసింది. "పసుపు కలిపిన తేమ. మా అమ్మ చేపలమ్ముతది. నేను చేపల మీద పని జేస్తున్న. గందుకని నేను లేనప్పుడు నా ల్యాబ్ కడిగిన్రు. గా నీళ్లు లోడ్ సెల్‌లకు దిగి మిషిన్ పిచ్చి లెక్కలు జెప్తాంది. వాన మీదికి నేను నూకను. వానకేం పాపం తెలుసు?"

పార్వతీదేవి ఆమెను ఓదారుస్తుందనో, మిగతావాళ్లను కడిగిపారేస్తుందనో ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది.

"మీ ఇంటి తగువు నేను తీర్చలేను. నాకు అంకె కావాలి. మిషన్ బాగుచేయించండి, సరిగా తూకం వేయించండి, మళ్లీ వస్తాం. ఈసారి మొదటి నుంచీ మా కళ్ల ముందే జరగాలి. చేప నుంచి పొలుసు తీయాలి, పొలుసును పరీక్షించాలి, ఆ తర్వాత మీ రేకు. ఏ అంకె వస్తే అదే రాస్తాం. తక్కువొస్తే మీకు పదవి లేదు."

"మేడమ్, మెయిన్ బ్లాకులోకి చేపలు..." అని నసిగాడు శ్రీనివాసరావు.

"చేప లేకుండా పొలుసు ఎక్కడి నుంచి తెస్తారు?" అంది ఆవిడ.

ఆ సాయంత్రం శైలజ నేరుగా శామీర్‌పేట పోయింది. ముత్తమ్మ వాకిట్లో గంప కడుగుతోంది. కూతురి మొహం చూసి ఏందని అడిగింది. చెప్పకూడదనుకుంటూనే శైలజ అంతా చెప్పేసింది.

"నేను మొదలే జెప్పిన గద" అని మొదలుపెట్టింది ముత్తమ్మ. "చేపలద్దు, గా సిమెంటో గిమెంటో జేసుకోమని. ఇంటివా నా మాట?" అంటూనే గంప కింద పెట్టి, ఉన్నట్టుండి ఆగింది. "నీళ్లు జల్లిన్రా?"

"మిషిన్ మీద జల్లిన్రమ్మా."

"మిషిన్‌కేం తెలుసు మైలంటే? నీ మీద్నే జల్లిన్రు బిడ్డా."

శైలజ అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. ముత్తమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుని కూతురి తల పట్టుకుంది. ఆమె కూడా ఏడ్చి ఉండేదేమో గానీ కోపం అడ్డొచ్చింది.

"ఇన్నొద్దులు నిన్ను నేనే తోమిన" అంది. "వాళ్లు జరుగుతరని నేనే నీ తోలు ఊడేటట్టు తోమిన. గదే నా తప్పు. గా కమిటోళ్లు మల్లచ్చినాడు చేపలు నేనే తెస్త. ఎట్ల ముట్టరో నేనూ జూస్త."

మిషన్ బాగైంది. బయటి నుంచి మనుషులు వచ్చి, తెలిసిన బరువులు వేలాడదీసి, అంకెలు సరిచూసి పోయారు. కమిటీ వచ్చే రోజు పొద్దున్నే ముత్తమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, గంపలో రెండు పెద్ద బొచ్చెలూ మరికొన్ని చిన్న చేపలూ తడిగుడ్డ కింద పెట్టుకుని ఆటో దిగింది. సెక్యూరిటీ వాడు మెయిన్ గేటు దగ్గరే ఆపాడు.

"పెద్దమ్మా, గిట్ల పోవద్దు. ఎన్క క్యాంటీన్ గేటుంది, గట్నించి పో."

శైలజ వచ్చేసరికి ముత్తమ్మ గంప కింద పెట్టి నిలబడి ఉంది. ఇంటి దగ్గర అంత గర్జించిన మనిషి, ఎదురుగా ఆ అద్దాల బిల్డింగు, మెడల్లో కార్డులు వేసుకుని లోపలికి పోతున్న పిల్లలు కనబడేసరికి చిన్నదైపోయింది.

"పోనీ బిడ్డా, ఎన్క నుంచే పోదం" అంది. "నీ నౌకరి కాడ లొల్లెందుకు?"

శైలజ మెడలోని ఐడీ కార్డు వెనక్కి వేసుకుంది. కొంగును చుట్టకుదురుగా చుట్టి తల మీద పెట్టుకుంది. వంగి గంప ఎత్తింది.

"దించు! దించవే!" ముత్తమ్మ గంప అంచు పట్టుకుని గుంజింది. "నీ నెత్తి మీదొద్దు. గిందుకేనా నేను నిన్ను సదివిపిచ్చింది?"

"ఔ అమ్మా. గిందుకే" అంది శైలజ. "నడువు."

సెక్యూరిటీ వాడు పక్కకు తప్పుకున్నాడు. మేడమ్‌ను ఆపడం అతని ఉద్యోగంలో లేదు. శైలజ మెయిన్ గేటులోంచి, కార్లు ఆగే పోర్టికోలోంచి, ప్రిన్సిపాల్ గది ముందు నుంచి నడిచింది. గంపలోంచి చల్లటి నీసు నీళ్లు చెంప మీదుగా, జాకెట్టు మీదుగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. కంప్యూటర్ క్లాసుల కిటికీల నిండా తలలు. ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీశారు. తీసుకోనీ అనుకుంది. మెడ నొప్పి పెడుతోంది, ఎంతోకాలం అయింది గంప ఎత్తి. వెనకాల తల్లి చెప్పుల చప్పుడు మొదట తడబడుతూ, తర్వాత తడబడకుండా వినబడింది.

కమిటీ అప్పటికే ల్యాబులో కూర్చుని ఉంది. శైలజ గంప దించి, ముత్తమ్మకు కుర్చీ చూపించింది. "నాకెందుకు కుర్చీ" అని ముత్తమ్మ కిందనే పీట వేసుకుని కూర్చుని చేపకు పొలుసు తీసింది. శైలజ ఆ పొలుసులను కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటే ములుకు కింద పెట్టింది. తర్వాత బజారులో దొరికే మందపాటి తోలు గ్లవ్ పెట్టింది. ఆఖరున పొలుసు రేకు. ఈసారి అంకె ఆ అబద్ధపు అంకెకు చాలా కిందే ఆగింది. తోలు గ్లవ్ చిరిగిన అంకెకు మాత్రం చాలా పైన. ములుకును లేపితే తెర సున్నాకు వచ్చి కదలకుండా నిలబడింది.

పార్వతీదేవి మళ్లీ చేయమంది. శైలజ మళ్లీ చేసింది. ఇంకోసారి అంది. అదే వచ్చింది.

"ఇది నమ్ముతాను" అంది పార్వతీదేవి. మిగతా ఇద్దరి వైపు చూసింది, వాళ్లు తలూపారు. "ఆవిడను ప్రొఫెసర్‌గా తీసుకోవాలని మేం రాస్తాం. ఈ పని మీదే, ఈ చేపల మీదే. మీకేమైనా అభ్యంతరమా శ్రీనివాసరావు గారూ?"

"భలేవారే! మొదటి నుంచీ నేను మేడమ్ పక్షమే కదండీ" అన్నాడు శ్రీనివాసరావు. పిల్లి గోడ దిగింది, దిగవలసిన వైపే దిగింది.

జనార్ధన్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేల మీద పొలుసులు, నీళ్లు, రక్తపు మరకలు. "అభినందనలు మేడమ్" అన్నాడు రుమాలులోంచే. ఆ వెంటనే, "పరమేష్, ముందు ఈ ల్యాబ్ అంతా కడిగించు" అన్నాడు.

పరమేష్ కదలలేదు, మేడమ్ వైపు చూశాడు.

"కడుగుతం సార్" అంది శైలజ. గొంతు పెంచలేదు, కానీ గదిలో చివరి మనిషికీ వినబడింది. "చేపను కోసినప్పుడల్ల బల్ల కడుగుతం, నేల కడుగుతం. గా కడుగుడు శుభ్రం కోసం. గని, మేం అచ్చి ముట్టినమని మాత్రం ఇగ ఈ ల్యాబుల ఎవ్వరు నీళ్లు జల్లరు."

జనార్ధన్ రుమాలు దించి జేబులో పెట్టుకున్నాడు. ముత్తమ్మ మిగిలిన చేపల మీద తడిగుడ్డ కప్పి, పీట మీది నుంచి లేచి వచ్చి, కూతురు పక్కనున్న కుర్చీలో కూర్చుంది.